క్రోమోలీ బావ

సూరత్ లింబాయత్‌లో మన తెలుగువాళ్ళ గల్లీల్లో ఎవరినడిగినా క్రోమోలీ బావ ఇల్లు చూపిస్తారు. సైకిలు మాత్రం చూపించలేరు. అదింకా కొనలేదు.

మనిషి మా అక్క మొగుడే. వాళ్ళ తాత మగ్గం పని కోసం సిరిసిల్ల నుంచి వచ్చాడు. ఈయన రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లో లెక్కలు రాస్తాడు. స్కూటీ మీద పోతాడు, స్కూటీ మీద వస్తాడు, ఆ రెంటికీ నడుమ సైకిలు ఫ్రేముల గురించి ఆలోచిస్తాడు. కావలసింది ఒక్కటే ఫ్రేము. పొద్దున మార్కెట్‌కు పనికిరావాలి, సెలవొస్తే బ్యాగులు కట్టుకుని నూట అరవై కిలోమీటర్ల అవతలి సాపుతారా కొండ ఎక్కాలి.

అల్యూమినియం పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు. ఉక్కే కావాలి. అందులోనూ మామూలు హైటెన్ కాదు, 4130 క్రోమోలీ. “41 అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన జాతి. 30 అంటే 0.30 శాతం కార్బన్” అని చాయ్ బండి దగ్గర మగ్గం కార్మికులకు బోధిస్తాడు. వాళ్ళలో సగం మంది ఒడిశా గంజాం నుంచి వచ్చినవాళ్ళు. తెలుగు రాకపోయినా మర్యాదగా తలూపుతారు.

ఎగతాళి అలా ఉంచితే, బావకు విషయం తెలుసు. ఏ ఉక్కైనా సాంద్రతలోనూ, వంగే గుణంలోనూ పెద్ద తేడా ఉండదు. క్రోమోలీకి బలం ఎక్కువ కాబట్టి గొట్టం పల్చగా తీయొచ్చు. బరువు తగ్గేది అక్కడ. అతుకుపడే చివరలు మందంగా ఉంచి నడుమ ఇంకా పల్చన చేస్తే అది బటెడ్ గొట్టం. అక్కకు ఇలా చెప్పాడు: “చీరకు రెండంచులు మందం, నడుమంత పల్చన. గంతే.” అక్కకు వెంటనే అర్థమైంది. అలాంటి చీరొకటి కావాలంది.

ఊరి పక్కనే హజీరాలో అంత పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఉన్నా, బావ మనసు మాత్రం బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ వాళ్ళు 1935లో తెచ్చిన 531 గొట్టం మీదే. అది మాంగనీసు, మాలిబ్డినం కలిపింది, క్రోమోలీ కాదు. ఆ సంగతి ఎత్తితే బావకు దగ్గొస్తుంది. వానాకాలం లింబాయత్ గర్నాలాలో, అంటే రైలు పట్టాల కింది దారిలో, మోకాలి లోతు నీళ్ళు నిలిచి స్కూటీ ఆగిపోయిన రోజున కూడా, దాన్ని నెట్టుకుంటూ, ఫ్రేము గొట్టం లోపల తుప్పు పట్టకుండా ఏ నూనె పొయ్యాలో నాకు చెబుతూనే వచ్చాడు.

అసలు చిక్కంతా చైన్‌స్టే దగ్గర. పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా పోయే ఆ గొట్టం పొట్టిగా ఉంటే బండి చురుగ్గా తిరుగుతుంది, ట్రాఫిక్‌లో హాయి. కానీ వెనక బ్యాగులు కడితే తొక్కినప్పుడల్లా మడమ తగులుతుంది. టూరింగ్‌కు 45, 46 సెంటీమీటర్లు ఉండాలి. ఒకరోజు షిఫ్టు మారే వేళ, కార్ఖానా గోడకు ఆనించిన పాత నల్ల సైకిలు ముందు బావ గొంతుక్కూర్చుని టేపు పెట్టాడు. 46 దాటింది. ఉక్కు గొట్టాలు, లగ్గులతో అతుకులు, మడ్‌గార్డులు, బస్తా మోసే క్యారియర్... ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్న లక్షణాలన్నీ అక్కడే ఉన్నాయి. సైకిలు యజమాని పరిగెత్తుకొచ్చి, “ఏంది సేటూ, గుంజుకపోతున్నవా?” అని కాలర్ పట్టుకోబోయాడు.

“క్రోమోలీనా ఇది?” అన్నాడు బావ.

“కాదు, మా నాయనది.”

విడిపించి ఇంటికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అక్క పళ్ళెంలో అన్నం పెడుతూ బావ చెప్పులకేసి చూసింది. “ఆరో నంబరు కాలు. మడమ ఏ బ్యాగుకు తగులుతదయ్యా?” బావ ముద్ద కలపడం ఆపేశాడు. ఈ కోణం ఆయనకు ఇన్నేళ్ళూ తట్టలేదు. పొట్టి చైన్‌స్టే కూడా మళ్ళీ పరిశీలనలోకి వచ్చిందన్నమాట.

“సరే, కొన్నవే అనుకో” అంది అక్క. “దాని మీద సిరిసిల్ల బయల్దేరితే మా చెల్లె పెండ్లికి అందుతవా, సీమంతానికి అందుతవా?”

బావకు కోపం రాలేదు. చాలాసేపు ఆలోచించి,

“అది గేర్లను బట్టి ఉంటది” అన్నాడు.