మూడు అడ్డగీతలు

రేణిగుంటలో ఉన్నవాడికి బ్యాటరీ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పక్కనే కరకంబాడి, అక్కడ అమరరాజా ఫ్యాక్టరీ. 1985లో గల్లా రామచంద్రనాయుడు పెట్టిన కంపెనీ అది. మా వైపు ఏ వీధిలో చూసినా అందులో పనిచేసేవాళ్లో, చేసి రిటైరైనవాళ్లో, కనీసం అందులో పనిచేసే అబ్బాయికి పిల్లనిచ్చినవాళ్లో ఉంటారు. అందుకే బండి ఎక్కడ ఆగినా బానెట్ చుట్టూ చేరిన నలుగురూ మొదట అడిగేది ఒకటే: "బ్యాటరీ చూసినారా?" హారన్ మోగకపోయినా బ్యాటరీయే, వైపర్ ఆడకపోయినా బ్యాటరీయే. టైరు పంచరైతే కూడా ఒక పెద్దాయన అలవాటుకొద్దీ టర్మినల్ కదిలించి చూస్తాడు.

బ్యాటరీ బాగానే ఉందని తేలాక మాత్రం అందరికీ ఇంట్లో పని గుర్తొస్తుంది. ఎందుకంటే ఇక మిగిలింది వైరింగు.

వైరింగుకు పటం ఉంటుంది. అది చూడగానే భయపడనక్కర్లేదు, ముందు అంకెలు పట్టుకుంటే చాలు. చాలా పటాల్లో పైన 30 అని ఒక గీత ఉంటుంది. అది బ్యాటరీ నుంచి తిన్నగా వచ్చే కరెంటు, తాళం తిప్పినా తిప్పకున్నా ఉండేది. 15 అంటే తాళం తిప్పితేనే వచ్చేది. 50 సెల్ఫుకు పోయేది. అట్టడుగున 31, అంటే ఎర్త్. ఇవన్నీ జర్మనీవాళ్లు డిన్ 72552 అనే ప్రమాణంలో రాసిపెట్టుకున్న అంకెలు. రిలే అడుగున ఉండే 85, 86, 87 కూడా అక్కడివే. 85కీ 86కీ మధ్య చిన్న కరెంటు పారితే లోపల అయస్కాంతం లేచి 30ని 87తో కలుపుతుంది. హారన్ తాగే పెద్ద కరెంటంతా స్టీరింగు మీది బొత్తం గుండా పోకుండా ఈ ఏర్పాటు. దేశాలన్నీ ఒప్పుకున్న సంగతులు లోకంలో బహు తక్కువ. కానీ తిరుపతి రోడ్డులో స్పేర్ పార్టుల కొట్లో అడిగినా 87 అంటే 87.

పటాలతో నాకున్న పేచీ వేరు. అందులో ప్రతి స్విచ్చునూ ఆపి ఉన్నట్టే గీస్తారు. రిలేలన్నీ పడుకునే ఉంటాయి. అంటే బండి ఏ పనీ చెయ్యనప్పుడు ఎలా ఉంటుందో చూపిస్తారన్నమాట. పని చెయ్యని బండి ఎలా ఉంటుందో మనకు తెలియకనా పటం తెరిచింది?

రంగుల సంగతి మరీ ఘోరం. పటంలో ఆకుపచ్చ వైరు మీద ఎర్రగీత అని రాసుంటుంది. వెతికి పట్టుకుంటాం. జానెడు దూరం అది ఆకుపచ్చగానే వెళ్లి, టేపు చుట్టిన ఒక ముడి దగ్గర నల్లవైరై పునర్జన్మ ఎత్తుతుంది. ఆ ముడి వేసిన మహానుభావుడు ఏ ఊళ్లో ఉన్నాడో, ఆ రోజు అతని దగ్గర ఏ వైరు మిగిలిందో ఏ పటంలోనూ ఉండదు.

ఇక మా బావమరిది కారు. బ్రేకు నొక్కితే వెనక ఎడమ లైటు సరిగా వెలగదు. దానికి బదులు ముందున్న ఎడమ ఇండికేటరు మసకమసగ్గా వెలుగుతుంది. "షార్ట్ సర్క్యూట్ బావా" అని తేల్చేశాడు. బల్బు మార్చాడు. 10 ఆంపియర్ల ఎర్ర ఫీజు తీసి, గట్టిగా ఉంటుందని 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చాడు. వైరు కాలకముందే కాలిపోవడం ఫీజు ఉద్యోగమని, దానికి బలం ఎక్కించడమంటే వైరుకు నిప్పు పెట్టడమేనని నేను చెబుతూనే ఉన్నాను. ఆఖరికి, రేణిగుంట అల్లుడు కదా, బ్యాటరీ కూడా మార్చేశాడు.

పటం నా దగ్గరుంది. అందులో ఎర్త్ గుర్తు చూశారుగా: ఒకదాని కింద ఒకటి, పొట్టిగా తగ్గుతూ మూడు అడ్డగీతలు. ఇటు తిరుమల నిలువు నామాలకూ అటు శ్రీకాళహస్తి విభూతిరేఖలకూ నడిమిన ఉన్నవాళ్లం కాబట్టి మాకు అనుమానం లేదు, అది కాళహస్తి పక్షమే. వెనక ఎడమవైపు బ్రేకు, ఇండికేటరు రెండూ ఆ ఒక్క గుర్తుకే పోతున్నాయి.

ఆ పటాన్ని కరకంబాడి రోడ్డులో ఉన్న ఎలక్ట్రీషియన్ ముందు పరిచాను. అతను దాన్ని మర్యాదగా మడిచి, విప్పిన స్క్రూలు దొర్లిపోకుండా వాటి కింద పెట్టుకున్నాడు. బ్యాటరీ మైనస్ నుంచి పొడుగాటి వైరొకటి లాగి లైటు ఎర్త్ పిన్నుకు ఆనించాడు. బ్రేకు లైటు భగ్గుమంది. ముందు ఇండికేటరు నోరు మూసుకుంది.

"బల్బుకేమీ కాలేదు సార్. కరెంటు దిగేదానికి దోవ లేదు. అందుకే దొరికిన దోవన పోతా ఉండాది."

అంతే జరిగింది. బ్రేకు బల్బు తీగలోంచి వచ్చిన కరెంటు కిందికి దిగలేక, పక్కనున్న ఇండికేటరు తీగలో దూరి, దాని వైరు మీదుగానే ఎదురెక్కి, ముందున్న ఇండికేటరులో ఎర్త్ వెతుక్కుంది. మూడు 21 వాట్ల బల్బులు వరసలో పడి 12 వోల్టులు పంచుకుంటే తలా నాలుగు. మసగ్గా కాక ఇంకెలా వెలుగుతాయి? డిక్కీలో ఎర్త్ స్క్రూ కింద తుప్పు. ఉప్పుకాగితంతో గీకి, రవంత వాజలిన్ పూసి బిగించేశాడు. కొత్త బ్యాటరీ దాకా పోయిన ఖర్చు గురించి బావమరిది, మా చెల్లెలికి తెలియనివ్వొద్దన్నాడు. అందుకే పేరు రాయలేదు.

మీ బండిలో ఒకటి నొక్కితే ఇంకొకటి వెలిగినప్పుడు పటం పైనుంచి చదవకండి. అట్టడుగున ఆ మూడు గీతల దగ్గర మొదలుపెట్టి పైకి రండి. ఫీజు మాత్రం పటంలో ఆ చోటికి రాసిన అంకె ప్రకారమే వేయండి.