ధాన్యకటకం వయా స్పితి

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు పెద్ద ఊరు కాజా. ఎత్తు దాదాపు 12,000 అడుగులు. అంత ఎత్తున ముందు మొరాయించేది మనిషి కాదు, పప్పు. నీళ్లు 90 డిగ్రీలకు చేరకుండానే కుతకుతలాడిపోతాయి. మా ఆవిడ గుంటూరు నుంచి మోసుకొచ్చిన కందిపప్పును గిన్నెలో పడేసి ఎంతసేపు ఉడికించినా బద్ద బద్దగానే ఉండిపోయింది. బస ఇచ్చిన ఇంటావిడ నవ్వి కుక్కరు చేతికిచ్చింది.

మనిషి మర్నాడు మొరాయించాడు. కీ గొంపా అనే బౌద్ధ మఠం 13,600 అడుగుల ఎత్తున, కొండ కొమ్మున అగ్గిపెట్టెలు పేర్చినట్టుంటుంది. "అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి, ఇదెంత!" అన్న మా బావగారు అయిదో మెట్టు మీద కూర్చుని ఆకాశం కేసి చూశారు. పక్కనుంచి పదేళ్ల బాల లామాలు తరుముకుంటూ పైకి పరుగెత్తారు. బావగారు వాళ్లను క్షమించలేదు.

పైన వంటశాలలో ఉప్పూ వెన్నా వేసిన టీ ఇచ్చారు. బావగారు ఒక గుక్క తాగి, "ఇది టీ కాదు బావా, చారు. పోపు మర్చిపోయారు" అన్నారు నా చెవిలో. పీడ వదిలించుకుందామని మిగతాది గటగటా తాగేశారు. ఖాళీ కప్పు కనబడితే మళ్లీ నింపడం అక్కడి మర్యాద. ఆ మర్యాద ఆయనకు మూడుసార్లు జరిగింది.

అదే లోయలోని తాబో గొంపా మాత్రం నవ్వులాట కాదు. క్రీ.శ. 996లో కట్టిన మట్టి గోడలు. వానలు తక్కువ గనక ఇంకా నిలిచే ఉన్నాయి. కిందటేడు వేసిన మా వీధి సిమెంటు రోడ్డు గుర్తొచ్చి సిగ్గేసింది. లోపల చీకటి. టార్చి వేస్తే వెయ్యేళ్లనాటి బొమ్మలు ఒక్కొక్కటే గోడ మీద కళ్లు తెరుస్తాయి. ఫొటోలు తియ్యనివ్వరు. మంచిదే, లేకపోతే బొమ్మల్ని చూసేదెవరు?

"ఎక్కడి నుంచి?" అన్నాడు ఒక ముసలి లామా, హిందీలో. గుంటూరన్నాం. అర్థం కాలేదు. అమరావతి పక్కన అన్నాం. లామా ముఖం వెలిగిపోయింది. "ధాన్యకటకం!" అని చేతులు జోడించాడు. అమరావతి పాత పేరది. బుద్ధుడు కాలచక్ర తంత్రం బోధించింది అక్కడేనని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర జరిపినప్పుడు ఈయనా వచ్చాడట. "ఇప్పుడెలా ఉంది అమరావతి?" అన్నాడు ఆశగా.

మేం ముఖాలు చూసుకున్నాం. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గరికి మాలో ఎవరు వెళ్లారు గనక? చివరికి బావగారే అందుకున్నారు: "గజం రేటు బాగా పెరిగింది స్వామీ. రింగురోడ్డు పడితే ఇంకా పెరుగుతుంది."

లామా ఎంతో భక్తిగా తలూపాడు. ఆ స్తూపం శిల్పాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ధాన్యకటకం చూడదలచిన తెలుగువారికి మనవి: గుంటూరు బస్టాండులో బస్సు దొరుకుతుంది. ఊపిరి బాగానే ఆడుతుంది. టీలో పంచదారే వేస్తారు.