అడ్డం తిరిగిన చక్రం

ఢిల్లీలో చక్రం తిప్పిన తెలుగువాళ్ల కథలు చిన్నప్పటి నుంచీ వింటున్నాం. తగరపువలసలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే మా తమ్ముడు మాత్రం తన కెమెరా వెనకున్న బొటనవేలంత చక్రాన్ని కూడా తిప్పలేకపోతున్నాడు. కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. ఎడమకు తిప్పితే ఒక మెట్టు ఎడమకు వెళ్లి, రెండు మెట్లు కుడికి వచ్చి, ఏమీ ఎరగనట్టు ఆగుతుంది. ఎఫ్ 5.6 కావాలంటే ఎఫ్ 11 ఇస్తుంది, ఎఫ్ 11 వద్దు మొర్రో అంటే ఎఫ్ 4 చేతిలో పెడుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ అది ఎంత బుద్ధిగా ఉండేదో చూసినవాళ్లకు, గడువు తీరిన తేదీని ఎవరో దాని చెవిన వేశారన్న అనుమానం రాకమానదు.

పెళ్లి ఫొటోకు రెండో టేకు ఉండదు. జీలకర్ర బెల్లం ఎప్పుడు పెట్టాలో పంతులుగారు పంచాంగం చూసి చెబుతారు గానీ కెమెరా డయల్‌ని అడిగి చెప్పరు. మేళం ఒక్కసారిగా హోరెత్తుతుంది, అడ్డుతెర దిగుతుంది, వీడియోవాళ్ల లైటు భగ్గుమంటుంది. వెలుతురు పెరిగింది కదా అని మావాడు డయల్ ఒక్క మెట్టు తిప్పుతాడు. కెమెరా ఎదురుదిక్కున మూడు మెట్లు దూకుతుంది. పెళ్లికూతురి పట్టుచీర జరీ అంతా సున్నం కొట్టిన గోడ. సరిచేద్దామని తిప్పితే ఇంకో పూత సున్నం. మూడుముళ్ల వేళకైనా దారికొస్తే ఆ వధూవరుల పూర్వజన్మ సుకృతం. రేపు ఆల్బం తిరగేసిన మేనమామ "ఏటి తమ్మూ, మా పిల్లని దెయ్యంలాగ తీసినావు?" అని నిలదీస్తే, ఎన్‌కోడర్ గురించి ఉపన్యాసం ఇచ్చుకోలేడు కదా.

ఉపన్యాసం నేనిస్తాను. ఆ చక్రం కింద రోటరీ ఎన్‌కోడర్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. అందులో లోహపు పట్టీల వరస, దాన్ని రాసుకుంటూ పోయే సన్నటి బ్రష్షులు. రెండు సంకేతాలు వస్తాయి, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. ఏది ముందొచ్చిందన్న దాన్నిబట్టే కెమెరాకు కుడి ఎడమల జ్ఞానం. పట్టీ మీద మురికి చేరినా, చిలుమెక్కినా ఒక సంకేతం తప్పిపోతుంది, లేదా ఒక్కసారి తగలాల్సింది నాలుగుసార్లు తగిలినట్టు అదురుతుంది. అక్కడి నుంచి కెమెరాది ఊహాగానమే. అసలు రాపిడే లేకుండా అయస్కాంతంతోనో వెలుతురుతోనో పనిచేసే ఎన్‌కోడర్లు లోకంలో లేక కాదు. కొన్ని కంప్యూటర్ మౌస్‌ల చక్రాల్లోనే అవి ఉన్నాయి. కోట్ల పిక్సెళ్లు, క్షణంలో కన్ను వెతికి పట్టుకునే ఫోకస్, అన్నిటికీ ఖర్చు పెట్టిన కంపెనీకి మనిషి వేలు తగిలే చోటికి వచ్చేసరికి పొదుపు గుర్తొచ్చింది.

దానికి తోడు మా గాలి. తగరపువలస పక్కనే భీమిలి, భీమిలి దగ్గర సముద్రం, ఆ తీరంలోనే ఎర్రమట్టి దిబ్బలు. భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బలు ఇప్పుడు ప్రీ వెడ్డింగ్ వారసత్వం కూడా. కాబోయే అల్లుడు గోగుల్స్ పెట్టుకుని, కాబోయే కోడలు పది మీటర్ల గౌను ఈడ్చుకుంటూ నడిస్తే లేచే సన్నటి ఎర్ర ధూళి నేరుగా వెళ్లి చేరేది డయల్ సందులోకే. తర్వాత బీచ్‌లో ఉప్పుగాలి దాన్ని అక్కడే అతికిస్తుంది. కంపెనీ ప్రకటనలో అదే కెమెరా ఎడారిలో, కెరటాల అంచున, హోరువానలో గుండె విరుచుకుని నిలబడి ఉంటుంది. వారంటీ కార్డు వెనక, చీమకాళ్లంత అక్షరాల్లో, ఇసుక వల్ల గానీ ఉప్పు వల్ల గానీ తేమ వల్ల గానీ కలిగిన నష్టానికి మా బాధ్యత లేదని ఉంటుంది. అంటే కెమెరాను ప్రకటనలో చూపినట్టు వాడకూడదు. బీరువాలో పెట్టి, దసరాకు పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టాలి.

బాగుచేయించుకుందామని వెళ్తే అసలు వినోదం మొదలవుతుంది. సర్వీస్ సెంటర్ అంటే విశాఖలో ఒక గాజు తలుపు, ఒక ఏసీ, ఒక టోకెన్. కౌంటర్ కుర్రాడు కెమెరా ముట్టుకోకముందే బిల్లు తేదీ చూస్తాడు, ముఖంలో సానుభూతి పులుముకుంటాడు. "వారంటీ అయిపోయింది సార్." అయిపోయిందనే కదా బాబూ, డబ్బిచ్చి చేయించుకుంటాం. "చూడ్డానికి చార్జి ఉంటుంది సార్." చూడు. "డయల్ విడిగా రాదు సార్, పై కవర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి." చెప్పు ఉంగరం తెగితే కాలు మార్చమనే వైద్యం ఇది. ఆ అసెంబ్లీకి వాళ్లు చెప్పిన ధర విన్నాక మావాడి నోట మాట లేదు. కుర్రాడే ఆదుకున్నాడు: "ఇంకొంచెం వేసుకుంటే కొత్త మోడలే వచ్చేస్తుంది సార్, ఎక్స్చేంజ్ ఆఫర్ కూడా ఉంది." కుర్రాడి తప్పేం లేదు. నెలాఖరు టార్గెట్ అతని మెడకూ ఉంటుంది.

కొన్న కెమెరా మనది. బరువు మనది, ఈఎంఐ మనది, బ్యాగు మోసే భుజం మనది. దాని విడిభాగం, దాన్ని విప్పే విధానం రాసిన మాన్యువల్, లోపల ఏం చెడిందో చెప్పే సాఫ్ట్‌వేర్ మాత్రం ఇప్పటికీ వాళ్లవే. గడువు తీరగానే బాధ్యత ఒక్కటీ వదులుకున్నారు, అధికారం వదులుకోలేదు. ఇంతకంటే లాభసాటి సన్యాసం పురాణాల్లో కూడా లేదు.

గడువు అనేది దేవుడు గీసిన గీతా అంటే, కాదని ఒక కంపెనీయే ఒకసారి చూపించింది. నికాన్ 2012లో తెచ్చిన డీ600 కెమెరా సెన్సారు మీద మరకలు పడుతున్నాయని కొన్నవాళ్లు ప్రపంచమంతా గగ్గోలు పెట్టారు. 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీ వారంటీ తీరినా సరే, శుభ్రం చేసి షట్టర్ మార్చి ఇస్తామంది, ఉచితంగా. మరుసటి నెల చైనా ప్రభుత్వ టీవీ దీనిమీద కార్యక్రమం వేస్తే, అక్కడ ఆ మోడల్ అమ్మకమే ఆగింది. (మా తమ్ముడిది ఆ కెమెరా కాదు, ఆ రోగమూ కాదు. గొంతు పెద్దదైతే గడువు కరుగుతుందని చెప్పడానికే.) తగరపువలస మార్కెట్ సెంటర్లో నిలబడి ఎంత అరిచినా సంత గోల కింద జమ.

మన సర్కారు ఊరుకుందా అంటే పాపం ఊరుకోలేదు. 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. కెమెరా పేరు విడిగా లేదు. గృహోపకరణమని చెప్పుకుందామంటే మిక్సీ పక్కన కూర్చోబెట్టాలి. ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో మార్కులు వేసే సూచీ కోసం మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. అందులోనూ ముందు వరుస ఫోన్లకే. ఫ్రాన్స్ వాళ్లు 2021లోనే ఆ మార్కులు మొదలుపెట్టారు, మొదటి జాబితాలో గడ్డి కోసే యంత్రానికి కూడా చోటిచ్చారు. కెమెరాకు అక్కడా లేదు. దీన్నిబట్టి ఫొటోగ్రాఫర్‌కన్నా గడ్డికే పలుకుబడి ఎక్కువని తేలింది.

కార్లవాళ్ల సంగతి తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. విడిభాగాలు, పరీక్షించే పనిముట్లు బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టు 25న కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ. 2,544.65 కోట్ల జరిమానా వేసింది. తర్వాత అప్పీళ్లూ కోర్టులూ మామూలే. కానీ తాళం తమ దగ్గరే పెట్టుకుని ఇల్లు అమ్మడం తప్పని ఒక సర్కారీ సంస్థ కాగితం మీద రాసింది కదా. ఆ తర్కం స్టీరింగ్ చక్రానికి వర్తించి, కెమెరా చక్రానికి ఎందుకు వర్తించదో మా తమ్ముడికి ఎవరైనా చెప్పాలి.

కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. 100 డాలర్లు, ఆపైన టోకు ధర ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువు అయితే, ఆ మోడల్ తయారీ ఆపేశాక కూడా ఏడేళ్లపాటు విడిభాగాలు, పనిముట్లు, మాన్యువల్ ఇవ్వాలి. వారంటీ ఉందా పోయిందా అన్న ప్రశ్నే లేదు. సన్నీవేల్‌లో స్థిరపడిన మన తగరపువలస అల్లుడు, సీమంతం ఫొటోలు తీసుకోవడానికి కొన్న కెమెరాకు ఆ హక్కు ఉంది. అదే కెమెరా, అదే కంపెనీ, ఇక్కడ ముహూర్తాల మీద బతికే మనిషి చేతిలో ఉంటే లేదు. చక్రానికి కూడా వీసా కావాలన్నమాట.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమంటారు. వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొన్న వస్తువైతే ఫిర్యాదుకు ఫీజు లేదు, 1915కి ఫోన్ చేస్తే ముందు మాట సాయం కూడా ఉంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం ఆశపడుతుంది. వాయిదాలకు ఆ ఆశ సంగతి తెలియదు. ఈలోపు మాఘమాసం వెళ్లిపోతుంది, ఫాల్గుణం వెళ్లిపోతుంది.

కనుక మావాడు బతుకు నేర్చుకున్నాడు. వెనక చక్రం చేయాల్సిన పనిని మెనూలోకి వెళ్లి ముందు చక్రానికి అప్పగించాడు. ఐఎస్ఓ ఆటోలో వదిలేశాడు. వెనక డయల్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అడ్డంగా వేశాడు, తీయడానికి వీలుగా ఒక కొస మడిచి. మండపంలో ఎవరైనా భుజం తగిలి చక్రం కదిలినా ఎక్స్‌పోజర్ కదలదు. కాస్త తీరిక దొరికితే ఫోన్‌లో కంపెనీ యాప్ తెరిచి అక్కడి నుంచి మారుస్తాడు. పెళ్లిపెద్దలు అది చూసి, ముహూర్తం పెట్టుకుని ఫోన్ చూసుకుంటాడేమిటని గుర్రుమంటారు.

చివరికి దారి చూపింది మార్కెట్ రోడ్డులో టీవీ రిమోట్లు, మిక్సీలు బాగుచేసే పెద్దాయన. కొబ్బరినూనె చుక్క వేద్దామన్న మా బంధువు సలహాను కళ్లతోనే కాల్చేసి, బ్యాటరీ తీయించాడు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూది పుల్లకు అద్ది, డయల్ అంచున ఒక్క చుక్క వదిలాడు. అటూ ఇటూ ఓపిగ్గా తిప్పాడు. ఇంకో చుక్క. దూదికి ఎర్రటి మరక అంటింది, ఎర్రమట్టి దిబ్బల ప్రసాదం. బాగా ఆరాక బ్యాటరీ పెట్టాడు. మెట్టుకు మెట్టు, వరసగా నడిచింది. విప్పి చూడమంటే వద్దన్నాడు: బాడీలోనే ఫ్లాష్ ఉంది, దాని కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు దాగి ఉండొచ్చు, ఆ మాన్యువల్ తన దగ్గర లేదు.

"ఇదేటి పోనాది గాదు బాబూ, లోన ఉప్పు పట్టీసింది. ఓ సీజను లాగుద్ది. పీసు దొరికితే మార్చీవోడిని. కంపినీవోడు పీసు అమ్మడు గదా!"

గాజు తలుపు వెనక ఏ నిపుణుడూ చెప్పని రోగనిర్ధారణ అది, చూసిన చార్జి లేకుండా.

కంపెనీవారికి మనవి. మీ దయ అక్కర్లేదు, ఉచితం అక్కర్లేదు, పొడిగించిన వారంటీ పాలసీ అసలే అక్కర్లేదు. ఆ పీసు అమ్మండి, మాన్యువల్ ఇవ్వండి. బిగించే చెయ్యి తగరపువలస మార్కెట్ రోడ్డులో ఉంది. ధర ఎంతో చెబితే 18 శాతం జీఎస్టీతో సహా కడతాం, శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోపు కొరియర్ చేయండి.