పసుపు కొమ్ములో ఎన్ని యూనిట్లు?

ఆర్మూర్‌లో ఇంధన శాస్త్ర చర్చ జనవరి నుంచి ఏప్రిల్ దాకా జోరుగా సాగుతుంది. పసుపు తవ్వేదీ, ఉడకబెట్టేదీ, ఆరబెట్టేదీ ఈ నెలల్లోనే. కళ్లంలో పసుపు పోశాక ఎండబెట్టే పని సూర్యుడిది కాబట్టి రైతుకు మధ్యాహ్నం కాస్త తీరిక దొరుకుతుంది. ధర ఇంకో వంద పెరగనీ అని సంచులు ఆపుకున్న ఆసామికైతే తీరికే తీరిక. 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు ఇక్కడే కలుస్తాయి. అందువల్ల నాగపూర్ లారీ మోసుకొచ్చిన వార్తా, జగిత్యాల బస్సు దింపిపోయిన వార్తా, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చిపడ్డ వార్తా మామిడిపల్లి చౌరస్తాలో చాయ్ హోటల్ బల్ల మీదికే చేరతాయి. థోరియం నుంచి హైడ్రోజన్ దాకా అక్కడ తేలని సమస్య లేదు. చాయ్ డబ్బులు ఎవరివన్నది ఒక్కటే తేలదు.

ఈ చర్చకు స్థిరమైన నియమాలున్నాయి. అంకె చెప్పినవాడిదే పైచేయి. ఆ అంకె కిలోవాట్లా, యూనిట్లా, హార్స్‌పవరా అని అడిగినవాడు చర్చను పక్కదారి పట్టించినట్టు లెక్క. కిలోవాట్ యంత్రం గంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుందని పదో తరగతి పిల్లవాడు చెప్పగలడు, కానీ వాడికింకా ఆ బల్ల దగ్గర కూర్చునే వయసు రాలేదు. ‘జర్మనోళ్లు’ అని మొదలైన వాక్యానికి రుజువు అడగకూడదు. ‘జపానోళ్లు’ అని మొదలైతే అసలే అడగకూడదు. నిజంగా కరెంటు పని తెలిసిన లైన్‌మన్ మూలన కూర్చుని చాయ్ తాగి వెళ్లిపోతాడు. ఫ్యూజు ఎగిరినప్పుడు తప్ప అతని అభిప్రాయంతో ఎవరికీ పనిలేదు.

ఆర్మూర్‌కే సొంతమనదగ్గ సిద్ధాంతం పసుపు కరెంటు. దీనికి ఆధారం లేకపోలేదు. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం, మన పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి ఉన్నత విద్యాసంస్థ పరిశోధకులు కలిసి చేసిన పని ఒకటి 2021లో ‘నానో ఎనర్జీ’ అనే శాస్త్ర పత్రికలో వచ్చింది. ఇథనాల్ నుంచి నేరుగా కరెంటు తీసే ఫ్యూయల్ సెల్ అనే సాధనం ఉంది. అందులో ఇథనాల్ ఆక్సీకరణం చెందాలంటే ఉత్ప్రేరకం కావాలి. ఆ పరిశోధకులు అతి సూక్ష్మమైన బంగారు కణాలకు పసుపులోని కర్కుమిన్ జోడించి ఎలక్ట్రోడ్ చేశారు. దీంతో పాత పద్ధతికి పట్టే శక్తిలో వందో వంతు చాలని ప్రకటించారు. మంచి పరిశోధన, మనవాళ్ల చెయ్యి ఉన్న పరిశోధన.

అక్కడి నుంచి అది ప్రయాణం కట్టింది. పత్రికల శీర్షికలకు వచ్చేసరికి పసుపుతో కార్లు నడిచే రోజు దగ్గరపడింది. ఆర్మూర్ చేరేసరికి “పసుపుతోని కరెంటు అస్తదట కాకా, అమెరికోళ్లు కనిపెట్టిన్రు” అయింది. పక్క బల్లకు జరిగేసరికి “క్వింటాలు యాభై వేలయితది, ఇప్పుడే అమ్మకు” అయింది. దారిలో రాలిపోయినవి రెండే మాటలు: కాలేది ఇథనాల్ తప్ప పసుపు కాదు, ఎలక్ట్రోడ్‌లో బంగారం ఉంది. పసుపూ బంగారమూ ఒకచోట చేరితే పెళ్లవుతుందని తెలుగువాళ్లకు తరతరాలుగా తెలుసు, ఎలక్ట్రోడ్ అవుతుందని చెప్పడానికి క్లెమ్సన్ కావలసి వచ్చింది. మామూలు పసుపులో కర్కుమిన్ నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు. మూడు పాళ్లనుకున్నా క్వింటాలుకు మూడు కిలోలు. ఎలక్ట్రోడ్ మీద పూసే పొరకు పట్టేది చిటికెడు కూడా కాదు. ఫ్యూయల్ సెళ్ల కోసం ప్రపంచం నిజామాబాద్ మార్కెట్ యార్డు ముందు బారులు తీరుతుందని సంచులు ఆపుకున్నవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవచ్చు.

అదే బల్ల మీద “అమెరికోడు మన పసుపు మీద పేటెంట్ కొట్టేసిండు” అనే మాట కూడా వినపడుతుంది. పసుపుకున్న గాయాలు మాన్పే గుణానికి మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చింది. శాస్త్రవేత్త మషేల్కర్ నాయకత్వంలోని మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. చాయ్ బల్ల మీద నూటికి నూరుపాళ్లూ నిజం పలికే సందర్భం బహుశా ఇదొక్కటే, అందుకే దీన్ని ఎవరూ నమ్మరు.

నీళ్లతో నడిచే బండి ప్రతి ఎండాకాలం తిరిగొస్తుంది. ఇలాగే 1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్లై మూలికలతో పెట్రోలు చేస్తానంటే దేశమంతా నోరు తెరుచుకు చూసింది. ఆ పెట్రోలు పరీక్షలకు నిలవలేదు. 2016లో కోర్టు శిక్ష వేసింది. నీళ్లంటే అప్పటికే కాలిపోయిన హైడ్రోజన్. పొయ్యిలోని బూడిదను మళ్లీ మండించాలన్న పట్టుదల మాత్రం కాలిపోలేదు.

మోటారు చర్చది వేరే స్థాయి. తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. 2023 జూలైలో తానా సభలకు అమెరికా వెళ్లిన అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి, ఎకరానికి గంట చొప్పున మూడెకరాల రైతుకు మూడు గంటలు సరిపోతుందన్నట్టు మాట్లాడారు. రాష్ట్రం రెండుగా చీలింది. ఎన్నికలు దగ్గరపడేసరికి ఆయన నోట 10 హార్స్‌పవర్ మోటారు కూడా వాదంలోకి దిగింది. తెలంగాణ బోర్ల మీద ఎక్కువగా కనిపించేవి మూడు, అయిదు హార్స్‌పవర్ మోటార్లు కాబట్టి అవతలి పక్షానికి పండగైంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా దొరకనంత మంది పంపుసెట్ల నిపుణులు ఆ రెండు పక్షాల్లో తయారయ్యారు. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అయిదు హార్స్‌పవర్ మోటారు మూడు గంటలు తిరిగితే 11 యూనిట్లు, రోజంతా తిరిగితే 90 యూనిట్లు. ఇంతవరకు లెక్క సులువే. కానీ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నాయన్నది తేలకుండా ఎకరం ఎన్ని గంటల్లో తడుస్తుందో ఎవరూ చెప్పలేరు. నీళ్లు రెట్టింపు లోతుకు పోతే అదే మోటారు అదే గంటలో తోడేది ఇంచుమించు సగమే. ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉండే పసుపుకు ఈ తేడా చావుబతుకుల సమస్య. ఏ వేదిక మీదా లోతు ప్రస్తావన రాలేదు. డిసెంబరు 3న ఓట్లు లెక్కపెట్టాక చర్చ ముగిసినట్టు ప్రకటించారు.

పోచంపాడు అభిమానుల వాదం ఇంకొకటి: “మన ప్రాజెక్టు కరెంటు మనకే ఇస్తే సాలదా?” పోచంపాడులోని శ్రీరాంసాగర్ జల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 36 మెగావాట్లు, అదీ కాలువకు నీళ్లు వదిలినప్పుడు. 2025 మార్చిలో రాష్ట్రం డిమాండ్ ఒక దశలో 17,000 మెగావాట్లు దాటింది. వంద రూపాయల్లో ఇరవై పైసలన్నమాట. అభిమానానికి మాత్రం మెగావాట్లలో కొలత లేదు.

ఎలక్ట్రిక్ బండ్ల మీద హాస్యం ఎంతైనా పలుకుతుంది గానీ నిజామాబాద్ జిల్లాలో ఆ విషయం జాగ్రత్తగా ఎత్తాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రంలో ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. ఆ ఏడాది దేశంలో ఇలాంటి ప్రమాదాలు వరసగా జరిగాక బ్యాటరీ భద్రతా నిబంధనలను కేంద్రం కఠినం చేసింది. ఇక్కడ అడగవలసినవి పొడి ప్రశ్నలే: సెల్ ఏ రకం, చార్జరు బండితో వచ్చిందేనా, రాత్రంతా పడకగదిలో పెట్టి పడుకుంటున్నారా? బల్ల దగ్గర వీటికి గిరాకీ లేదు. ఎలక్ట్రిక్ బండి దేశభక్తా, దేశద్రోహమా అన్నదానికి ఉంది.

ఇథనాల్ దగ్గరికొస్తే ఒకే మనిషి రెండు పక్షాల్లోనూ ఉండటం మామూలు. మక్కలు పండించే రైతుగా ఇథనాల్ రావాలంటాడు, మక్కలకు గిరాకీ పెరుగుతుంది కదా. బైకు యజమానిగా అది పోవాలంటాడు. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి ముందుకు జరిపి 2025లోనే అందుకుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. అయిదో వంతు కలిపితే లెక్క ప్రకారం మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గాలి. ఇంజిన్‌ను అందుకు తగ్గట్టు మలిస్తే నష్టం కొంత పూడుతుంది. బల్ల మీద మాత్రం మైలేజీ అయితే సగానికి పడిపోయింది, లేదా చెక్కుచెదరలేదు. మధ్యలో ఆగే అలవాటు దానికి లేదు. ఇంతలో ఉత్తరాన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జనం రోడ్డెక్కారు, పనులు ఆగాయి. ఇథనాల్ కావాలి, ఫ్యాక్టరీ పక్క జిల్లాలో ఉండాలి అన్నది దీనిమీద కుదిరిన ఏకైక రాజీ సూత్రం. పక్క జిల్లావాళ్ల సూత్రం కూడా అక్షరాలా ఇదే.

సాంకేతిక విజ్ఞానానికి ఈ ప్రాంతం చేసిన అసలైన సేవ 2019 ఏప్రిల్ 11 నాటిది. పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర రావాలి, పసుపు బోర్డు పెట్టాలి అంటూ 178 మంది రైతులు నామినేషన్లు వేయడంతో నిజామాబాద్ లోక్‌సభ బరిలో మొత్తం 185 మంది నిలిచారు. పాత ఓటింగ్ యంత్రాలు 64 మందిని మించి మోయలేవు. అందుకని ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను గొలుసుగా కలిపి కొత్త రకం యంత్రాలు దింపారు. ఆ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, ఊళ్లో కరెంటుతో దానికి సంబంధం లేదు. అయినా కరెంటు పోతే ఓటు ఎటు పోతుందన్న చర్చ ఆగలేదు. రైతులు అడిగింది బోర్డు, వారాల్లో వచ్చింది యంత్రాలు. బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం అదే ఏడాది జూన్ 29న తెరుచుకుంది.

ఇన్ని చర్చల్లోనూ ప్రస్తావనకు రాని శక్తి కేంద్రం ఒకటి ఆర్మూర్ చుట్టూ ప్రతి ఊళ్లోనూ ఉంది. పెర్కిట్ దాటి పొలాల్లోకి వెళితే బాయిలరు కింద కట్టెలు మండుతుంటాయి. గొట్టంలోంచి ఆవిరి బుసకొడుతూ పచ్చి పసుపు నింపిన డ్రమ్ముల్లోకి పోతుంది. అనుభవమున్న పెద్దమనిషి ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చి చూస్తాడు. పుల్ల మెత్తగా దిగిందా, ఉడికినట్టు. డ్రమ్మును వంచగానే పొగలు కక్కే పసుపు కుప్ప కళ్లంలో పడుతుంది. ఆడవాళ్లు దాన్ని తట్టలతో మోసి పలచగా నేరుపుతారు. అక్కడి నుంచి పది పదిహేను రోజులు ఎండ పని.

ఆ ఎండ ఎంత పని చేస్తుందో లెక్క వేయడం కష్టం కాదు. క్వింటాలు ఎండు పసుపు కావాలంటే సుమారు అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండాలి. అంటే నాలుగు వందల కిలోల నీళ్లు ఆవిరై పోవాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి పడుతుంది. యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. క్వింటాలు పసుపు వెనక దాదాపు 250 యూనిట్ల ఎండ ఉందన్నమాట, గృహజ్యోతి కింద ఇంటికి నెలకు ఉచితంగా ఇచ్చే 200 యూనిట్ల కంటే ఎక్కువ. ఎకరానికి 20 క్వింటాళ్లు వచ్చిందనుకుంటే 5,000 యూనిట్లు. ఇంటి కప్పు మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు రోజుకు 12 యూనిట్ల చొప్పున ఇంత కరెంటు ఇవ్వడానికి 14 నెలలు పడుతుంది. కళ్లం రెండు వారాల్లో కానిచ్చేస్తుంది. దానికి మీటరు లేదు, బిల్లు లేదు. కొమ్మును రెండుగా విరిచినప్పుడు ఠక్కున వచ్చే చప్పుడే రీడింగు.

ప్రభుత్వాల లెక్క వేరు. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం కింద ఆ ప్యానెళ్లకు రూ.78,000 దాకా సబ్సిడీ ఉంది. అంతకు రెండేళ్ల ముందు తెలంగాణ ఉపాధి హామీ నిధులతో రైతులకు కళ్లాలు కట్టిస్తే అది నిబంధనలకు విరుద్ధమనీ, రూ.151 కోట్లు తిరిగి కట్టాలనీ కేంద్రం అడిగింది. సూర్యుడు ఒక్కడే. కప్పెక్కితే సబ్సిడీ, నేల మీద పసుపు ఎండబెడితే నోటీసు. ఈ విషయం మీద కూడా రెండు పార్టీలు ధర్నాలూ ప్రతి విమర్శలూ చేసుకున్నాయి గానీ, కళ్లం ఒక ఇంధన సాధనమన్న మాట రెండు వైపులా ఎవరి నోటా రాలేదు.

మార్చిలో అకాల వర్షం వస్తే కళ్లమనే ఈ శక్తి కేంద్రం మూతపడుతుంది. తడిసిన కొమ్ము రంగు చెడుతుంది, రంగు చెడిన కొమ్ముకు ధర పడిపోతుంది. కాబట్టి చౌరస్తాలో థోరియం గురించి మాట్లాడుతున్న పెద్దలకు ఒక విన్నపం: పడమట మబ్బు కమ్మితే చర్చ ఒక పావుగంట ఆపి దగ్గరలోని కళ్లానికి రండి. టార్పాలిన్‌కు నాలుగు కొసలుంటాయి, ఆ వేళకు కళ్లం దగ్గర ఉండేది ఇద్దరే.