181వ పేజీ

కొండాపూర్‌లో మేముండే గేటెడ్ కమ్యూనిటీకి జిమ్ముంది, ఈతకొలనుంది, కుక్కల్ని తిప్పడానికి విడిగా పచ్చిక కూడా ఉంది. లైబ్రరీ అంటే మాత్రం క్లబ్‌హౌస్ మూలనున్న రెండు అద్దాల బీరువాలే. గవర్నమెంటు కాలేజీలో లైబ్రేరియన్‌గా రిటైరై కొడుకు దగ్గర చేరినదాన్ని కనక ఆ తాళంచెవులు నా కొంగుకొచ్చాయి. జీతం లేదు, ఏసీ ఉంది. సాయంత్రం అయిదింటి నుంచి ఏడింటి దాకా కూర్చుంటాను.

1998లో వాజపేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో ఇటువైపు ఎక్కువగా రాళ్ళగుట్టలే. ఆ తరవాత ఉద్యోగాలకొచ్చి, ఇక్కడే కాపురాలు పెట్టినవాళ్ళ పిల్లలు ఇప్పుడు టెన్తూ ఇంటరూ. అమ్మమ్మలూ నానమ్మలూ ఊళ్ళలో ఉంటారు, ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులే. ప్రేమంటే ఏమిటో, ఎవర్ని నమ్మొచ్చో, తన ఒంటికేమవుతోందో ఎవర్నడగాలో తెలీని పిల్లలు నా బీరువాల దగ్గరికొస్తారు. ఎవరికోసమో వచ్చినట్టు అటూ ఇటూ చూస్తూ వెతుక్కుంటారు. జాన్ గ్రీన్, జెన్నీ హాన్, కొలీన్ హూవర్... ఈ పేర్లన్నీ నాకు వాళ్ళే నేర్పారు. తెలుగు చదవడం మావల్ల కాదని మొరాయించేవాళ్ళు కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చూసొచ్చి, రవి మంత్రి రాసిన 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' అడిగి మరీ పట్టుకెళ్ళారు. గుణింతాలు కూడబలుక్కుంటూ చదివినట్టున్నారు, చాన్నాళ్ళు తిరిగి రాలేదు ఆ పుస్తకం.

మా రోజుల్లో అద్దె పుస్తకాల షాపులుండేవి. యద్దనపూడి సులోచనారాణి నవల ఫిజిక్స్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదవని ఆడపిల్ల మా క్లాసులో లేదు. 'సెక్రటరీ'లో రాజశేఖరం లాంటి మొగుడు ఎవరికీ దొరకలేదు, అది వేరే సంగతి. చలం 'మైదానం' 1927లో రాశాడు. అంతకు యాభై ఏళ్ళ తరవాత నేను ఉద్యోగంలో చేరితే, కాలేజీ లైబ్రరీలో దాన్నింకా సీనియర్ గుమాస్తా బల్ల సొరుగులోనే ఉంచేవాళ్ళు. ఆయన మాత్రం ఎన్నిసార్లు చదివాడో! పైకి అడగలేని సందేహాలేమైనా ఉంటే ఆడపిల్లలు ఆంధ్రప్రభ వారపత్రికకి, మాలతీ చందూర్ 'ప్రమదావనం'కి ఉత్తరం రాసేవారు. మరీ అడగరానివైతే డాక్టర్ సమరం ఉండేవారు. జవాబులు తోటివాళ్ళ ఉత్తరాల కింద అచ్చయ్యేవి. ఎవరో అడిగారు, మనకి తెలిసింది. పరువుకేం నష్టం లేదు.

ఇప్పుడా పద్ధతి లేదు. ఇప్పుడు కమిటీ ఉంది.

పోయిన వేసవిలో ఎవరో తల్లి, కూతురి పుస్తకంలో ముద్దున్న పేజీని ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తెల్లారేసరికి గ్రూపు అట్టుడికిపోయింది. అమెరికాలో ఉండొచ్చిన ఒకాయన, జూడీ బ్లూమ్ 1975లో రాసిన 'ఫరెవర్'ని అక్కడి స్కూళ్ళే ఇప్పటికీ లైబ్రరీల్లోంచి తీసేస్తుంటే మనమెంత అన్నాడు. ఆయన దాన్ని చదివాడా అని నేనడగలేదు, అడిగినా బాగుండదు. మొత్తానికి కమిటీ వేశారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు కదా, ముందు ఎక్సెల్ షీట్ పుట్టింది. పుస్తకం పేరు, రచయిత, ముద్దులున్నాయా, చావులున్నాయా, తగిన వయసు. ఒక్కో వరసకీ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. చదివి రంగులు వేసే పని ఎవరికీ తీరలేదు కనక నాకు పడింది.

ఈ కమిటీకి పెద్ద, మా బ్లాకులో పదకొండో అంతస్తులో ఉండే ఆవిడ. నానక్‌రామ్‌గూడలో పెద్ద కంపెనీ, నలభై రెండేళ్ళకే డైరెక్టర్. మాట్లాడితే అచ్చు తప్పుల్లేని ఉత్తరం చదివినట్టుంటుంది. ఆఫీసులో ఆడవాళ్ళ ఫిర్యాదులు వినే కమిటీకి కూడా ఆవిడే ప్రిసైడింగ్ ఆఫీసరు. 2013 చట్టం ప్రకారం పదిమంది, లేదా అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులోనూ అలాంటి కమిటీ ఉండాలి, దానికి ఆడ అధికారే పెద్దగా ఉండాలి. ఆ చట్టం ఆవిడకి సెక్షన్లతో సహా కంఠతా. ఉమెన్స్ డే నాడు క్లబ్‌హౌస్‌లో దానిమీద గంటసేపు మాట్లాడి, నోరెత్తమని అందరికీ చెప్పింది. మే నెల ఎండల్లో కూడా నిండు చేతుల కుర్తా, మెడ చుట్టూ స్టోల్ వేసుకుంటుంది. ఆఫీసు ఏసీ పడదట. భర్త కూడా అటువంటివాడే. వినాయక చవితి లడ్డు వేలం, బతుకమ్మ సౌండ్ సిస్టమ్, అన్నీ ఆయన చేతిమీదుగానే. లిఫ్టు దగ్గర నేను కనబడితే తలుపు పట్టుకుని ఆగుతాడు. మందులేమైనా తెప్పించాలా ఆంటీ అని అడుగుతాడు. మా కోడలు ఆయన్ని చూపించి మావాడికి పాఠాలు చెబుతుంటుంది.

ఒకరోజు నేను తాళం వేసే వేళకి ఆవిడ వచ్చింది. చేతిలో గులాబీ రంగు అట్ట పుస్తకం. కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్'.

"మా పాప బ్యాగులో దొరికింది ఆంటీ. నేను రోజూ చూస్తాను బ్యాగు. పైనే పెట్టింది, దాచను కూడా దాచలేదు. ఎంత ధైర్యం చూడండి."

"పదహారేళ్ళ పిల్ల. ప్రేమ నవల చదవడం వింతేముందమ్మా?"

"చదివితే సరే. చూడండీ స్టికర్లు. గుర్తులు పెట్టుకుంది. ఎవడికో చూపించడానికే. ఆఖరి దానిమీద పేజీ నంబరు కూడా రాసుకుంది, 181 అని. ఆ పేజీ తీసి చూడ్డానికి నాకు చేతులు రాలేదు. మీరే చదివి రంగేదో చెప్పండి. ఎరుపైతే మిగతా పేరెంట్స్‌కి కూడా చెప్పేద్దాం."

ఈ ఐటీ కారిడార్ తల్లిదండ్రుల గురించి నా అభిప్రాయం ఒకటుంది. కొడుకు అంటాడు, నీకు తెలీదమ్మా ఊరుకో అని. తెలిసినా తెలియకపోయినా చెబుతాను. ప్రపంచంలో ఉన్న చెత్తంతా చూపించే ఫోను పిల్లల చేతికి వీళ్ళే కొనిస్తారు. దానికి పిన్ పెట్టుకుంటే అది పిల్లల ప్రైవసీ. మూడొందల పేజీల పుస్తకం బ్యాగులో కనబడితే మాత్రం ఇల్లంతా సీబీఐ. పుస్తకం అయితే చేత్తో పట్టుకోవచ్చు, లాక్కోవచ్చు, బీరువాలో పెట్టి తాళం వెయ్యొచ్చు. అందుకే కోపమంతా దానిమీద.

ఆ రాత్రి కూర్చుని చదివాను. 2016లో వచ్చిన నవల, 2024లో సినిమా కూడా అయింది. బోస్టన్‌లో పూలకొట్టు పెట్టుకున్న అమ్మాయి, ఒక న్యూరోసర్జన్. అందగాడు, డబ్బున్నవాడు. మొదటి వంద పేజీలూ మా యద్దనపూడి నాయకుడే అమెరికా వెళ్ళి డాక్టరయ్యాడేమో అనిపించింది. ముద్దులున్నాయి, ముద్దుల్ని మించినవీ ఉన్నాయి. ఎరుపు వెయ్యాలనుకునేవాళ్ళకి కావలసినంత సరుకు. అయితే ఆ పేజీల్లో ఒక్కదానికీ స్టికరు లేదు.

స్టికరున్న మొదటి పేజీలో, నాయిక చిన్నప్పుడు వాళ్ళ నాన్న వాళ్ళమ్మని కొట్టడం ఉంది. తరవాతిది, డాక్టరు మొదటిసారి చెయ్యి చేసుకున్న చోట. ఆపైన, అతను క్షమాపణలు చెప్పే చోట. మళ్ళీ కొట్టిన చోట. అమ్మ ఎందుకు అన్నాళ్ళు పడి ఉందో కూతురికి అర్థమయ్యే చోట. వరస చూస్తే ఎవరో పరీక్షకి ముఖ్యమైన ప్రశ్నలు గుర్తుపెట్టినట్టుంది. రచయిత్రి ఇది తన తల్లి జీవితం నుంచే రాశానని చెప్పింది. తండ్రి కొట్టే ఇంట్లోంచి ఆ తల్లి బయటికొచ్చేసిందట.

181వ పేజీ కూడా తీశాను. నిదానంగా చదివాను. మిగతా గుర్తులతో పొంతన కుదిరేదేమీ అందులో నాకు కనబడలేదు.

నా గుండె గుభేలుమంది. పిల్లని ఎవడో కొడుతున్నాడు. కాలేజీలోనో, కోచింగ్‌లోనో ప్రేమ పేరుతో ఎవడో తగులుకున్నాడు. అమ్మకి చెప్పలేక పుస్తకంలో తన కథ వెతుక్కుంటోంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి పిల్లల్ని చూశాను. చెంప మీద మచ్చ పౌడరుతో కప్పుకుని, లైబ్రరీలో ఆఖరి బెంచీలో కూర్చునేవాళ్ళు.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచాను. మిగతా పిల్లలు వెళ్ళేదాకా ఆగి, పుస్తకం బల్లమీద పెట్టాను.

"ఇది నీదేనా?"

"అవును అమ్మమ్మగారూ. అబిడ్స్‌లో కొన్నాను. ఆదివారం ఫుట్‌పాత్ మీద పరుస్తారు కదా, అక్కడ."

"ఒక్కదానివే వెళ్ళావా?"

"హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి, నాంపల్లిలో దిగాను. అమ్మకి చెప్పకండి."

"చెప్పను. నువ్వు నాకొకటి చెప్పు. ఎవరమ్మా ఆ అబ్బాయి?"

"ఏ అబ్బాయి?"

"నీమీద చెయ్యెత్తేవాడు."

ఆ పిల్ల నా వంక చూసింది. పెద్దవాళ్ళకి ఏదీ ఒక పట్టాన తలకెక్కదని తెలిసిన చూపు.

"నాకెవరూ లేరు అమ్మమ్మగారూ. నేనీ పుస్తకం ఎప్పుడో చదివేశాను, ఫోన్లో. ఇది అమ్మ కోసం కొన్నాను."

నేనేమీ అనలేదు. తనే చెప్పుకొచ్చింది.

"అమ్మకి చదవడానికి టైముండదు. అందుకే ముఖ్యమైన పేజీలకే స్టికర్లు పెట్టాను. లింకు పంపిద్దామంటే కుదరదు. డాడీ రోజూ రాత్రి అమ్మ ఫోన్ చూస్తాడు. వాట్సాప్, కాల్స్, గూగుల్‌లో ఏం వెతికిందో కూడా. పుస్తకాలైతే డాడీ ముట్టుకోడు. అమ్మ ఎలాగూ నా బ్యాగు వెతుకుతుంది కదా అని పైనే పెట్టాను. చదువుతుందనుకున్నా. తెచ్చి మీకిచ్చేసింది."

ఆఫీసులో ఆడవాళ్ళకి అన్యాయం జరిగితే అడగడానికి 2013 చట్టం. ఇంట్లో జరిగితే అడగడానికి గృహహింస చట్టం 2005లోనే వచ్చింది, దానికన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. ఉమెన్స్ డే ప్రసంగంలో ఆవిడ దాని పేరెత్తలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

"మరి 181 అని ఎందుకు రాశావు? ఆ పేజీ చదివాను, నాకేమీ అర్థం కాలేదు."

"అది పేజీ నంబరు కాదు అమ్మమ్మగారూ. ఫోన్ నంబరు. మహిళల హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది. నేను చెయ్యొచ్చు, కానీ వాళ్ళొచ్చాక అమ్మ ఏమీ లేదంటే?"

పుస్తకం ఆవిడకే తిరిగిచ్చాను, స్టికర్లున్న పేజీలు చాలు, ఇంట్లో వద్దు, ఇక్కడే నా బల్ల దగ్గర కూర్చుని చదువు అని చెప్పి. 181 గురించి కూడా చెప్పాను. ఎక్సెల్ షీట్‌లో ఆ వరసకి ఆకుపచ్చ రంగు వేశాను. 'తగిన వయసు' అన్న గడి ఖాళీగా ఉంచకూడదని కమిటీ రూలు. అందులో 42 అని నింపాను.