వెయ్యో వంతు వడ్రంగి

వెయ్యో వంతు వడ్రంగి నివాసం రెండు కార్లు పట్టే గరాజు. అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న అన్ని జాతులవాళ్లలోనూ ఈ రకం ఉంది గానీ, ఇక్కడ వివరించేది డాలస్ శివారు ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో స్థిరపడిన తెలుగు శాఖ. వృత్తి సాఫ్ట్‌వేర్. వయసు నలభై దాటి ఉంటుంది. గరాజులో కార్లు ఉండవు. ఎండకి ఎండుతూ, మంచుకి తడుస్తూ అవి వీధిలో ఉంటాయి. లోపల, ఇస్త్రీ చేసిన దుప్పటి కప్పుకుని జాయింటరు ఉంటుంది.

జాయింటరు చేసే పని చిన్నదే. మొరటు చెక్కకి ఒక ముఖం చదును చేయాలి, ఒక అంచుని ఆ ముఖానికి మూలమట్టంగా తిన్నగా తీయాలి. ఊళ్లో వడ్రంగి ఇదే పనిని పొడుగు చిత్రికతో, మధ్యమధ్యలో ఒక కన్ను మూసి అంచు వెంట చూసుకుంటూ కానిచ్చేస్తాడు. యంత్రంలో పోత ఇనుప బల్లలు రెండు, వాటి నడుమ నిమిషానికి సుమారు 5,000 చుట్లు తిరిగే కటర్ హెడ్డు, దానికి సాధారణంగా మూడు కత్తులు, చెక్కని ఆనించడానికి పక్కన ఫెన్సు ఉంటాయి. చెక్క ఎక్కే వైపు బల్ల ఇన్‌ఫీడు, దిగే వైపుది అవుట్‌ఫీడు. ఇన్‌ఫీడుని ఎంత కిందికి దించితే అంత మందం లేస్తుంది. అవుట్‌ఫీడు మాత్రం కత్తి తిరిగే వృత్తపు శిఖరానికి సరిసమానంగా నిలవాలి. బల్లలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. శాస్త్రమంతా ఇంతే. ఈ ఇంతలోనే మన కథానాయకుడి శనివారాలూ ఆదివారాలూ పోతాయి.

యంత్రం కొన్న కారణం ఇంటిల్లిపాదికీ తెలుసు: పూజా మందిరం. దుకాణాల్లో దొరికేవన్నీ ప్లైవుడ్డు మీద అతికించిన పొరలేనని తేల్చి, వాల్‌నట్ చెక్కతో తానే చేస్తానని ఆయన ప్రకటిస్తాడు. చెక్క వస్తుంది. దాదాపు రెండు వందల కిలోల ఎనిమిది అంగుళాల జాయింటరు వస్తుంది, దాన్ని దించడానికి వచ్చిన స్నేహితులు బిర్యానీ తిని వెళతారు. మొదటి చెక్క నడిపిస్తే, చివరి రెండంగుళాల్లో చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలోనే మనిషీ పడతాడు.

ఈ గుంటని స్నైప్ అంటారు. అవుట్‌ఫీడు బల్ల కత్తి కంటే పిసరంత కిందున్నప్పుడు, చెక్క కొస ఇన్‌ఫీడుని వదలగానే కిందికి వాలి కత్తికి అదనంగా దొరుకుతుంది. బల్ల ఎత్తుగా ఉంటే బాధ మరొకటి: చెక్క మూతి బల్ల అంచుకి ఢీకొట్టుకుంటుంది, లేదా ఎలాగో ఎక్కేసి, కోత పోనుపోను పలచబడి మధ్యలోనే ఆగిపోతుంది. ఏది జరుగుతోందో తేల్చుకోవడానికి కొనవలసినదేమీ లేదు. ప్లగ్గు పీకేసి, తిన్నని చెక్క బద్ద ఒకటి అవుట్‌ఫీడు మీద పెట్టి, కొస కత్తి మీదుగా చాపి, హెడ్డుని చేత్తో తిప్పాలి. కత్తి ఆ బద్దని పట్టుకుని ఇన్‌ఫీడు వైపు ఓ మూడు మిల్లీమీటర్లు జరపాలి. కదలకపోతే బల్ల ఎత్తుగా ఉంది, మరీ ఎక్కువ జరిగితే పల్లంగా ఉంది. మూడు కత్తులూ, రెండు కొసల దగ్గరా, ఒకే దూరం జరపాలి. జరపకపోతే కత్తులే హెచ్చుతగ్గులుగా కూర్చున్నాయి. మొత్తం అరగంట పని. సరిగ్గా ఈ కారణంగానే వెయ్యో వంతు వడ్రంగికి దీని మీద గురి కుదరదు. పైసా ఖర్చు లేని పరీక్షని ఆయన పరీక్షగా లెక్కపెట్టడు.

ఆయన డయల్ ఇండికేటర్ కొంటాడు. ఫీలర్ గేజీలు కొంటాడు. మూడడుగుల ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జి కొంటాడు. అప్పటి నుంచి భాష మారిపోతుంది. అంగుళంలో వెయ్యో వంతు పేరు థౌ. ప్రింటరులో పెట్టే మామూలు కాగితం మందం నాలుగు థౌలు. భోజనాల దగ్గర ఆయన, “నిన్న రెండు థౌలుంది, ఇవాళ మూడైంది” అంటే పిల్లలు జ్వరమేమో అనుకుంటారు.

కొన్నాళ్లకు స్ట్రెయిట్ ఎడ్జి మీదే అనుమానం పుడుతుంది. ఇది వ్యాధి ముదిరిన లక్షణం. కొలిచే బద్దే తిన్నగా లేకపోతే కొలత మాటేమిటి? దాన్ని కొలవడానికి ఇంకోటి కావాలి. రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయంటే ఒకటి పొట్ట, ఇంకోటి లొట్ట అయినా కావచ్చు. కాబట్టి మూడోది కావాలి. మూడింటిలో ఏ రెంటిని కలిపినా సందు లేకపోతేనే మూడూ చదును. ఈ పద్ధతిని 1840లో జోసెఫ్ విట్‌వర్త్ గ్లాస్గోలో పండితుల సభకి వివరించాడు. విట్‌వర్త్ దాని సాయంతో ఒక దేశపు యంత్ర పరిశ్రమకే కచ్చితత్వం నేర్పాడు. మనవాడు దాని సాయంతో మూడు స్ట్రెయిట్ ఎడ్జిలు కొన్నాడు.

తర్వాతి ఘట్టం బల్లల సమాంతరత. బల్లల బయటి కొసలు వాలిపోయి నడుమ గుట్టలా లేస్తే చెక్క అంచు లొట్టగా వస్తుంది. కొసలు లేచి నడుమ లోయలా ఉంటే అంచు పొట్టగా వస్తుంది. కారణం చాలాసార్లు బల్ల జారే గాడిలో బిగువుగా ఉండవలసిన గిబ్ మరలు వదులవడం. వాటిని బిగించి చూసి, అప్పటికీ తేడా పోకపోతే గాడిలో పలచని ఇత్తడి రేకు దూర్చాలి. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించినా పనికొచ్చే రేకే వస్తుంది. మనవాడు మరలు చూడడు. సాఫ్ట్‌వేర్‌లో ముప్పావు వంతు జబ్బులు ఏదో వదులైన చోటే ఉంటాయని ఆఫీసులో కుర్రాళ్లకు పాఠం చెప్పే మనిషి, ఇంటికొచ్చి నేరుగా రేకులకు దిగుతాడు. ఆ ఇంట్లో అందరికీ దాహం వేయడం అప్పుడే మొదలవుతుంది.

రసమట్టం వాడే ఉపశాఖ వేరే ఉంది. వీళ్లు జాయింటరు కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టి బల్లలని భూమికి మట్టం చేస్తారు. అమెరికన్ గరాజు నేలకి, నీళ్లు బయటికి పోవాలని, తలుపు వైపు వాలు పెట్టే కడతారు కాబట్టి ఇది దీర్ఘకాలిక వ్యాసంగం. బల్లలు ఒకదానితో ఒకటి సరిపోవాలి గానీ భూగోళంతో సరిపోనక్కర్లేదు. ఈ ముక్క చెప్పినవాణ్ని మళ్లీ గరాజులోకి పిలవరు.

ఫెన్సు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది 90 డిగ్రీలకు అర డిగ్రీ అటూ ఇటూ ఉన్నా, అతికించబోయే రెండు పలకల్లో ఒకదాని మంచి ముఖాన్ని ఫెన్సుకి ఆనించి, రెండోదాని మంచి ముఖాన్ని బయటికి తిప్పి అంచులు తీస్తే ఒక తప్పు ఇంకో తప్పుని కొట్టేస్తుంది. జోడు చదునుగా కూర్చుంటుంది. పాత పనివాళ్లకు తెలిసిన ఉపాయమే. దీన్ని వెయ్యో వంతు వడ్రంగి మోసం కింద జమకడతాడు.

ఇంత పరిశోధనలోనూ ఆయన ఎన్నడూ కొలవనివి రెండు. ఒకటి తన చేతులు. చెక్క ముందుభాగం అడుగు మేర అవుట్‌ఫీడు మీదికి చేరాక ఒత్తిడి అటువైపుకి మార్చాలి. చివరిదాకా ఇన్‌ఫీడు వైపే నొక్కుతూ పోతే, దేవతలు దిగివచ్చి సరిచేసిన యంత్రమైనా తిన్నని అంచు ఇవ్వదు. చదును తీసేటప్పుడు చెక్క లొట్ట వైపు కిందికి ఉండాలి, పొట్ట వైపు పెడితే పడవలా ఊగుతుంది. రెండోది చెక్క స్వభావం. పన్నెండంగుళాల వెడల్పున్న అడ్డకోత ఎర్ర ఓక్ పలక, లోపలి తేమ నాలుగు శాతం మారితే, అంగుళంలో ఆరో వంతుకు పైగా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. థౌలలో అది 170 దాటుతుంది. వాల్‌నట్ కొంత నెమ్మది, అంతేగాని నిలకడ మనిషేం కాదు. రెండు థౌల కోసం మూడు రాత్రులు మేల్కొన్న గరాజులోనే, గోడకి ఆనించిన మందిరం చెక్క వానాకాలం ఒక కొలతా హీటరు వేసే కాలం ఒక కొలతా తీసుకుంటూ ప్రశాంతంగా బతుకుతుంటుంది.

దంపతుల సంభాషణ క్లుప్తంగా ఉంటుంది.

“ఏమండీ, వరలక్ష్మీ వ్రతానికన్నా అవుతుందా?”

“బల్లలొక్కటి కుదిరితే ఆ తర్వాతెంతసేపే!”

ఏ ఏటి వ్రతమో ఆవిడ అడగరు, ఆయన చెప్పరు. ఊరి నుంచి వచ్చిన మామగారు ఒకసారి గరాజులోకి తొంగిచూసి, “ఇంతకీ దీంతో ఏం చేస్తారు అల్లుడుగారూ?” అంటారు. ఆయన అడిగింది వస్తువు గురించి. అల్లుడు చెప్పేది యంత్రం గురించి. గంట తర్వాత మామగారికి డవ్‌టెయిల్ గాడికీ పారలలోగ్రామ్ బల్లకీ తేడా తెలుస్తుంది.

సంక్రాంతి పాట్‌లక్కుల్లో ఈ రకంవాళ్లు ఇద్దరు ఎదురుపడితే గుర్తుపట్టడం తేలిక. ఏం చేశావని ఒకరినొకరు అడగరు, నీదెంత ఉందని అడుగుతారు. ఒకడు ఒకటిన్నర అంటే ఇంకొకడి ముఖం చిన్నబోతుంది. నిజంగా కుర్చీలు చేసే మూడోవాడు ఆ మూలకి వస్తే మాట మారుస్తారు.

వ్యాధి రెండో దశ పేరు హెలికల్ హెడ్డు. కత్తులు సమంగా కూర్చోబెట్టే బాధ పోవడానికి, వరుసలు వరుసలుగా చిన్న కార్బైడ్ పళ్లుండే హెడ్డు తెచ్చి బిగిస్తాడు. పన్ను మొద్దుబారితే తిప్పుకోవచ్చు, నాలుగు అంచులుంటాయి. వస్తువు నిజంగా మంచిదే. చప్పుడు తక్కువ, సుడిపొర చెక్క కూడా చిట్లకుండా వస్తుంది. కాకపోతే హెడ్డు మారింది కనుక అవుట్‌ఫీడు బల్ల మళ్లీ మొదటి నుంచి కొలవాలి.

ఈ యంత్రాలకు అసలు పరీక్ష ఒక్కటే. రెండు పలకల అంచులు తీసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, వెనక దీపం పెట్టి చూడాలి. వెలుగు కనిపించకపోతే జిగురు సీసా మూత తీయాలి. ఇక్కడికొచ్చాక వెయ్యో వంతు వడ్రంగి దీపాన్ని అనుమానిస్తాడు.

మందిరం చివరికి హైదరాబాదు నుంచి సామానుతో పాటు టేకుది వస్తుంది, మూడు వారాల్లో. ఇలాంటి గరాజులోకి ఎవరైనా పిలిస్తే తప్పక వెళ్లండి, ఓపిగ్గా వినండి, కానీ చల్లని గ్లాసు మాత్రం ఆ బల్ల మీద పెట్టకండి. పోత ఇనుము తడి తగిలితే తెల్లారేసరికి తుప్పు పడుతుంది.