కొత్త ఇంజిన్‌ని ముద్దు చేసి చంపడం ఎలా?

పాత అంబాసిడర్‌ని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుని, ఇంజిన్ దింపి, బ్లాకుని ఆటోనగర్ లేత్ షాపులో బోరు కొట్టించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, పిస్టన్లూ రింగులూ బేరింగులూ క్యామ్ షాఫ్టూ టాపెట్లూ కొత్తవి వేసి, ఆదివారాలన్నీ దానికే ధారపోసి చివరికి అన్నీ బిగించిన మహానుభావులకు ముందుగా నమస్కారం. ఇంత కష్టపడి నిలబెట్టిన ఇంజిన్‌ని పాడుచెయ్యాలంటే మళ్లీ అంత కష్టమూ పడాలేమోనని భయపడకండి. అరగంట చాలు. పైగా పాడుచేస్తున్నట్టు ఎవరికీ తెలియదు. ఎంత ప్రేమగా చూసుకుంటున్నాడో అని నలుగురూ మెచ్చుకుంటారు కూడా.

మొదట ముహూర్తం పెట్టించండి. ఇంజిన్ సిద్ధమయ్యాక ముహూర్తం చూసుకోవడం పిరికివాళ్ల పద్ధతి. ముహూర్తానికే ఇంజిన్ సిద్ధం కావాలి. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, చేతిలో కొబ్బరికాయ సమకూరితే సగం పని అయిపోయినట్టే. రేడియేటర్లో నీళ్లు నిండాయా, కార్బురేటర్‌లోకి పెట్రోలు వచ్చిందా, డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా కూర్చుందా, తలకిందులుగా కూర్చుందా అని ఆ శుభవేళ ఆరా తియ్యడం అపశకునం. సెల్ఫు కొట్టండి. అందుకోకపోతే మళ్లీ కొట్టండి. బ్యాటరీ దిగిపోతే పక్కింటివాళ్ల కారు బ్యాటరీ తెచ్చి కొట్టండి. ఇంజిన్ బిగించేటప్పుడు క్యామ్ లోబుల మీద వేలితో నల్లటి పేస్టు పూశారు గుర్తుందా? ఇంజిన్ అందుకుని ఆయిల్ అక్కడికి చేరేదాకా లోబుల్ని కాపాడేది ఆ పేస్టు ఒక్కటే. సెల్ఫు తిప్పిన కొద్దీ అది తుడుచుకుపోతుంది. ఏడెనిమిదిసార్లు గట్టిగా తిప్పారంటే మీ పనిలో మొదటి భాగం పూర్తయినట్టే.

పాతకాలం మేస్త్రీలకు కొన్ని చాదస్తాలుంటాయి. ఆయిల్ పంపులో ముందే వాజలిన్ కూరుతారు, మొదటి తిప్పుకే ఆయిల్ లాగాలని. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా మాత్రమే తిప్పి ఆపుతారు. టైమింగ్ రెండుసార్లు చూసుకుని, ప్లగ్గులు బిగించి, ఒక్క వేటుకే అందుకోవాలని పట్టుబడతారు. అలాంటివాళ్లని ఆ రోజు భోజనానికి కూడా పిలవకండి.

ఇంజిన్ అందుకుంది. ఇప్పుడు అసలు ఘట్టం. వెంటనే ఐడిలింగ్‌లో పెట్టెయ్యండి. పురిటి బిడ్డలాంటిది, దాన్ని అరవనివ్వకూడదు కదా. అది అలా మెల్లగా గుటగుటలాడుతుంటే అమ్మగారు హారతి ఇస్తారు, పిల్లలు ఫొటోలు దిగుతారు, పక్కింటాయన వచ్చి ‘అసలు చప్పుడే లేదండీ’ అంటాడు. ఆ అరగంటా లోపల జరిగేది ఇదీ: అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోలు ఇంజిన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి సిరీస్‌ది. టాపెట్ల అడుగులు చదునుగా ఉండి నేరుగా క్యామ్ లోబుల మీద రాసుకుంటాయి. బేరింగులకు వెళ్లినట్టు ఆ లోబుల మీదికి ఆయిల్ ప్రెషర్‌తో వెళ్లదు. క్రాంకు విసురుకి చిందిందీ, పైనుంచి కారిందీ వాటికి ఆధారం. ఐడిలింగ్‌లో చిందేది అంతంతమాత్రం. పైగా టాపెట్ తన గూట్లో తాను తిరుగుతూ ఉంటేనే రాపిడి ఒకేచోట పడకుండా అంతటా పంచుకుంటుంది. అది తిరగడం మొదటి నిమిషాల్లోనే అలవాటు కాకపోతే లోబు ముక్కు అరుగుతుంది. ఆ అరిగిన పొడి ఊరికే పోదు, ఆయిల్లో కలిసి కొత్త బేరింగుల్ని కూడా పలకరిస్తుంది.

అందుకే తెలిసినవాళ్లు స్టార్టవ్వగానే ఇంజిన్‌ని 2000-2500 ఆర్.పి.ఎం. మధ్యకి లేపి, కాస్త పైకీ కిందికీ మారుస్తూ, 20 నుంచి 30 నిమిషాలపాటు ఐడిలింగ్‌కి రానివ్వరు. ఆయిల్ కారినా, వేడి మితిమీరినా పూర్తిగా ఆపేస్తారు తప్ప స్పీడు తగ్గించి చూడరు. చూసేవాళ్లకి అది పరమ కిరాతకంగా ఉంటుంది. వీధిలో పరువు ముఖ్యం అనుకుంటే మాత్రం ఐడిలింగే శ్రేయస్కరం. (డాష్‌బోర్డు మీద ఆర్.పి.ఎం. మీటరు లేదని బాధపడకండి. ఉంటే చూడాల్సి వచ్చేది.)

ఆయిల్ సంగతి. ఇంత ఖర్చుపెట్టాక ఆయిల్ దగ్గర పిసినారితనం ఏమిటి? షాపులో అన్నిటికంటే ఖరీదైన, పలచటి, సరికొత్త సింథటిక్ పోయండి. రింగులు సిలిండరు గోడకి ఒదగాలంటే మొదట్లో కాస్త రాపిడి ఉండాలి గనక మామూలు మినరల్ ఆయిల్ పొయ్యమంటారు కొందరు. పైగా ఇలాంటి పాతకాలపు టాపెట్లకి జింకు, ఫాస్ఫరస్ ఉన్న మందు కావాలి. కొత్త కార్ల కెటలిటిక్ కన్వర్టర్లు ఫాస్ఫరస్‌తో పాడవుతాయని ఈకాలపు పెట్రోలు కార్ల ఆయిల్లో దాన్ని తగ్గించేశారు. మీ అంబాసిడర్‌కి కన్వర్టర్ లేదు, అయినా నలుగురితో పాటు నడవడం మంచిది కదా!

ఇక రోడ్డెక్కడం. ఇందులో రెండు మార్గాలున్నాయి, రెండూ గమ్యానికే చేరుస్తాయి.

మొదటిది భక్తిమార్గం. వెనక అద్దం మీద ‘రన్నింగ్ ఇన్’ అని రాయించి, వారధి దాటి మంగళగిరి వైపు టాప్ గేరులో 40 మీద, యాక్సిలరేటరు మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి వెళ్లండి. లారీవాళ్లు తిడితే చిరునవ్వు నవ్వండి. రింగుని గోడకి అదిమేది దాని సొంత బిగువు కొంతే. సిలిండర్లో మంట మండినప్పటి పీడనం రింగు వెనక్కి దూరి దాన్ని బయటికి నెట్టడమే అసలు బలం. మీరు తొక్కకపోతే ఆ పీడనం రాదు. హోనింగ్‌లో గోడల మీద గీసిన ఆ సన్నటి అడ్డగీతల గరుకు కొద్ది వందల కిలోమీటర్లకే పోతుంది. ఈలోగా రింగు ఒదగకపోతే ఆయిల్ కాలి గోడకి గాజుపూతలా పట్టుకుంటుంది. ఆ తర్వాత హెడ్ విప్పి మళ్లీ హోనింగ్ చెయ్యడం తప్ప మార్గం లేదు.

రెండోది బావమరిది మార్గం. ‘ఎంత కొడుతుందో చూద్దాం బావా!’ అన్న మాటతో మొదలవుతుంది. ఏడుగురు ఎక్కి, పైన సామాన్లు కట్టి, మొదటి ప్రయాణమే తిరుమల. మే నెలైతే మరీ మంచిది. ఇంజిన్‌కి బరువు పడాలన్నారు కదా అని వాదించవచ్చు. పడాల్సిందే, కానీ విడతలు విడతలుగా. మూడో గేరులో 40 నుంచి 65 దాకా గట్టిగా తొక్కి, కాలు పూర్తిగా తీసేసి, ఇంజినే బండిని ఆపుకునేలా మళ్లీ 40కి రానివ్వాలి. కాలు తీసినప్పటి వాక్యూమ్ కాస్త ఆయిల్‌ని పైకి లాగి గోడల్ని చల్లబరుస్తుంది. ఇలా ఖాళీ రోడ్డు మీద పదిపదిహేను సార్లు చేస్తే చాలు. ఘాట్ రోడ్డు ఆ విరామం ఇవ్వదు. బిగుతుగా ఉన్న కొత్త పిస్టన్లు ఆ వేడికి ఉబ్బి పట్టేస్తే, ఏడు కొండలూ ఎక్కే బాధ మీకు తప్పుతుంది.

మొదటి అరగంట నడిచిన ఆయిల్ పారబొయ్యకండి. తేనె రంగులో నిగనిగలాడుతుంటే పారబోసేవాడు మనిషేనా? 500 కిలోమీటర్లకి కూడా మార్చకండి. ఫిల్టరు కోసి కాగితం మడతల్లో మెరుపులు వెతకడం, చల్లారాక హెడ్ నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూసుకోవడం పనిలేనివాళ్ల పనులు.

కొన్నాళ్లకి సైలెన్సర్‌లో నీలిపొగ మొదలవుతుంది. కంగారు పడొద్దు. ఎవరడిగినా ‘కొత్త ఇంజిన్ కదా, అలాగే ఉంటుంది’ అనండి. ఆయిల్ డబ్బా ఒకటి డిక్కీలో ఉంచుకోండి. టాపెట్ల చప్పుడు వినపడకుండా స్టీరియో పెట్టించండి.

ఈసారి బోరు 40 థౌ వేయించి ఉంటే మహా అయితే ఇంకోసారి 60 థౌ దాకా పెంచొచ్చు, ఆ తర్వాత స్లీవులే. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి ముహూర్తం పెట్టించేముందు మేస్త్రీకి ఓ ఫోన్ కొట్టండి. హారతి ఇంజిన్ ఆపాక కూడా ఇవ్వచ్చు.